పాట్రిక్కు భక్తుడు

ప్రతి సంవత్సరము మార్చి 17వ తేదీన ఐర్లండు దేశస్థులు తమ జాతీయ భక్తుడగు పాట్రిక్కుగారి పేరట మూడాకుల షామ్రాక్ రెమ్మలను ధరించి పండుగ చేయుదురు. అయితే ఆయన ఐర్లండున పుట్టినవాడు కాడు. అచ్చటికి బానిసగా కొనిపోబడినవాడు.

రమారమి 1600 సంవత్సరములకు పూర్వము రోమీయ నాగరికత వ్యాపించిన బ్రిటనులో ఆయన జన్మించెను. తండ్రి కల్పుర్నియసు సంఘపరిచారకుడు, తాత పాదిరి. ఇట్టి యింట పెరిగియు బాలుడు దేవుని లక్ష్యపెట్టలేదు. ఆయనకు ఇంచుమించు 16 ఏండ్ల ప్రాయమున ఐరిషు దొంగలు చెరపట్టిరి. ఆరేండ్లు పరదేశమున మందలను మేపెను. మంచనక వాననక తెల్లవారకమునుపే లేచి, దినమునకు నూరుమారులు, రాత్రియు దాదాపుగా అన్నిమారులు ప్రార్థించుచుండెను. తుదకు ఓడ సిద్ధముగా నున్నదని స్వప్నమున విని, పారిపోయి, 200 మైళ్లు నడచి, ఓడనెక్కి, కొంతకాలమునకు స్వజనులను చేరెను.

ఇక తమ్ము విడిచిపోవలదని వారు బతిమాలిరి. మరియొకడైనచో ఆ దేశము పేరైనను తలపకుండును. కాని ఐరిషు ప్రజలు తన్ను పిలుచుచున్నట్లు మరియొక స్వప్నము రాగా, ఆయన బిషపుగా తిరిగి వెళ్లి వేలమందికి బాప్తిస్మమిచ్చెను. ఆయన పాములను వెడలగొట్టెనను కథ బాలురకు మిక్కిలి ప్రియము. మంచుయుగము తరువాత ఆ దీవిలో పాములే లేవు! వాస్తవమైన సాహసము వేరొకటి గలదు. కొరోటికసు అను నాయకుని సైనికులు క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిలో కొందరిని చంపి, కొందరిని బానిసలుగా అమ్మిరి. చెరపట్టినవారిని విడువుడని పాట్రిక్కు పంపిన జాబును జూచి నవ్విరి. అంతట ఆయన బహిరంగముగా లేఖ వ్రాసి, వారితో విశ్వాసులెవరును భోజనమైనను చేయరాదని శాసించెను.

ఈ భక్తుని దినము ఐర్లండునకు బహుదూరమున, కరిబియను సముద్రములోని మాంట్సెరాట్ అను చిన్న దీవిలోను ఆచరింపబడుచున్నది. 17వ శతాబ్దమున అచ్చట చేరిన ఐరిషువారిలో కొందరు చెరకుతోటల యజమానులై ఆఫ్రికావారిని బానిసలుగా నుంచుకొనిరి. 1768 మార్చి 17న దొరలు పండుగవిందులో మునిగియుండగా తిరుగబడవలెనని ఆ బానిసలు యోచించిరి. సంగతి ముందే బయటపడెను; తొమ్మిదిమందికి మరణశిక్ష విధింపబడెను. బానిసయైన భక్తుని పేరట బానిసల యజమానులు విందారగించుట యెంత విపరీతము!

1985 నుండి ఆ దినము అచ్చట ప్రభుత్వపు సెలవు. 1995లో అగ్నిపర్వతము ప్రేలనారంభించి, ముఖ్యపట్టణమగు ప్లిమత్‌ను బూడిదతో కప్పివేసెను. జనులలో పెక్కుమంది దీవి విడిచిరి. అయినను మార్చి వచ్చినచో దూరదేశములకు పోయినవారును మరలివచ్చి, వేషగాండ్ర నాట్యములు జూచుచు, గోట్ వాటర్ అను మేకమాంసపు పులుసును బంధువులతో గూడి భుజించి, ఆ తొమ్మిదిమందిని తలచుకొందురు.