మరుగుజ్జు కథల కర్త విల్‌హెల్మ్ హౌఫ్

జర్మను జానపద వాఙ్మయమున మరుగుజ్జులకు ప్రత్యేకస్థానము కలదు. వారు కొండల గర్భమున గనులు త్రవ్వుదురు. బంగారమును, రత్నములను దాచుదురు. మానవులకు ఒకప్పుడు సాయపడుదురు, ఒకప్పుడు కీడు చేయుదురు. గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన సంపుటమున రాజకుమారికి ఆశ్రయమిచ్చిన ఏడుగురు మరుగుజ్జులును ఇట్టివారే. వారు మనుష్యులలో పొట్టివారు కారు. మనుష్యులకు వేరైన యొక జాతి. పొట్టిగా పుట్టిన మనుష్యుడు ఇంటిలో, వీథిలో, రాజుగారి కొలువులో ఎట్లు బ్రతుకుననునది ఆ కథలకు సాధారణముగా విషయము కాదు. దానిని కథావస్తువుగా స్వీకరించిన జర్మను రచయితలలో విల్‌హెల్మ్ హౌఫ్ ముఖ్యుడు. ఆతని ఆయువు ఇరువదియైదేండ్లైనను నిండలేదు. కథలు వ్రాసిన కాలము మూడేండ్లకు మించలేదు.

హౌఫ్ 1802 నవంబరు 29వ తేదీన వ్యుర్టెంబెర్గు రాజధానియగు స్టుట్‌గార్టు నగరమున జన్మించెను. తండ్రి ఆగస్టు ఫ్రీడ్రిఖ్ హౌఫ్ ప్రభుత్వోద్యోగి. 1809లో ఆయన మరణింపగా తల్లి నలుగురు బిడ్డలతో ట్యూబింగెను పట్టణమున నున్న పుట్టినింటికి చేరెను. బాలుడు పాఠశాలలో నేర్చినదానికంటె మాతామహుని గ్రంథాలయమున తనకు తానుగా చదివి నేర్చినదే యెక్కువ. తరువాత బ్లౌబోయిరెనులోని మఠపాఠశాలలో చదివి, 1820 మొదలు 1824 వరకు ట్యూబింగెను విశ్వవిద్యాలయమున దైవశాస్త్రమును, తత్త్వశాస్త్రమును అభ్యసించి డాక్టరు పట్టము పొందెను.

చదువు ముగిసిన పిదప హౌఫ్ మతాచార్య వృత్తిలో ప్రవేశింపలేదు. 1824లో వ్యుర్టెంబెర్గు యుద్ధమంత్రియగు హ్యూగెల్ ప్రభువు ఇంట పిల్లలకు గృహశిక్షకుడై, 1826 వరకు ఆ యుద్యోగమున నుండెను. ఆ పిల్లల కొరకు అల్లిన కథలే ఆతని కీర్తికి మూలములైనవి. వానిని కూర్చి 1826వ సంవత్సరమునకు కథావార్షికమును వెలువరించెను. అది విద్యావంతుల కుటుంబములలోని బాలబాలికలకు ఉద్దేశింపబడినదని దాని శీర్షికయే తెలుపును. తరువాతి రెండేండ్లకును ఇట్టి వార్షికములు వెలువడినవి. కథలో కథను పొదుగు పద్ధతిని హౌఫ్ అరేబియా రాత్రుల కథలనుండి గ్రహించెను. కథాసరిత్సాగరమును ఎరిగిన భారతీయ పాఠకులకు ఈ రచనాశిల్పము క్రొత్తది కాదు.

మొదటి వార్షికములోని చిన్న ముక్ కథ నిసియా నగరమున జరుగును. ముక్ పొట్టివాడు, తల మాత్రము మిగుల పెద్దది. కొడుకు రూపమునకు సిగ్గుపడిన తండ్రి వానికి చదువు చెప్పింపక ఇంటిలోనే ఉంచెను. తండ్రి చనిపోగానే బంధువులు వానిని వెడలగొట్టిరి. వాడు మహిమగల పాదరక్షలను, నిధుల జాడ తెలుపు కఱ్ఱను సంపాదించి రాజునొద్ద వార్తాహరుడాయెను. అసూయాపరుల కుతంత్రముచే దొంగయను నిందపడి వెడలగొట్టబడెను. తుదకు గాడిద చెవులు మొలిపించు అత్తిపండ్లతో రాజునకు బుద్ధిచెప్పెను. ఇంతవరకును ఇది అద్భుతకథలకు సహజమైన నడకయే. హౌఫ్ ప్రతిభ ఈ కథను చెప్పించిన తీరులో కలదు. కథకుడగు ములే తన బాల్యమున తోడిపిల్లలతో కూడి, ముసలివాడైన ముక్ వెంటబడి వేళాకోళము చేసినవాడు. తండ్రి వానికి విధించిన దెబ్బలలో సగము కొట్టి, ముక్ జీవితకథను వినిపించెను. కొడుకు పశ్చాత్తాపపడగా మిగిలిన సగము మన్నించెను. ఆనాటినుండి పిల్లలందఱును ముక్‌ను పెద్దలను గౌరవించునట్లు గౌరవించిరి. ముక్ మాత్రము పొట్టివాడుగనే యుండెను. ఏ మంత్రమును వాని శరీరమును మార్చలేదు. మారినది చూచువారి చూపు.

1827వ సంవత్సరపు వార్షికములోని పెద్దముక్కు మరుగుజ్జు కథ మఱియొక దారిని త్రొక్కును. ఇది జర్మను పట్టణమున జరుగు కథ. చెప్పులు కుట్టువాని కొడుకగు యాకోబు అందమైన బాలుడు. కూరగాయలు అమ్ము తల్లి ప్రక్కన కూర్చుండి, బేరమునకు వచ్చిన ముసలిదాని ముక్కును, మెడను ఎగతాళి చేసెను. ఆమె మంత్రగత్తె. వాడు ఏడేండ్లు ఆమె ఇంట ఊడిగము చేసి వంటవిద్య నేర్చెను. ఏడేండ్లును వానికి ఒక కలవలె తోచినవి. తిరిగి వచ్చునప్పటికి వాడు మెడలేని, పెద్దముక్కు గల మరుగుజ్జు. తల్లి వానిని గుర్తింపలేదు. తండ్రి మోసగాడని కొట్టి తఱిమెను. మంగలి అంగడిలోని అద్దమున వాడు తన రూపమును మొదటిసారి చూచుకొనెను. పోటీ మంగలి యొక మహాకాయుని వాకిట నిలిపి జనమును ఆకర్షించుచున్నాడు గనుక, నీవు నా వాకిట నిలువుమని ఆ మంగలి వానిని కోరెను. వింతయైన శరీరము సంతలో సరుకగుటను హౌఫ్ ఈ చిన్న సన్నివేశమున చూపెను.

దీని తరువాతి ఘట్టము కథకు ప్రాణము. యాకోబు ప్రభువు కోటకు పోగా అధికారి వానిని ఆస్థాన మరుగుజ్జు పదవికి వచ్చినవానిగా తలచెను. పని లేకయే తిని, త్రాగి, సుఖముగా నుండదగిన పదవి అది. యాకోబు దానిని నిరాకరించి, తాను వంటవాడనని చెప్పి, వండి చూపించి కొలువు సంపాదించెను.

ఈ ఘట్టమునకు చరిత్రలో ఆధారము కలదు. 17, 18 శతాబ్దములలో జర్మను ప్రభువులు తమ కొలువులలో మరుగుజ్జులను వినోదమునకై పోషించిరి. హైడెల్‌బెర్గు కోటలోని మహామద్యభాండమునకు కాపలాదారుగా ప్రసిద్ధుడైన పెర్కెయో అట్టివాడు. సంస్కృత నాటకములలోని అంతఃపురములందును కుబ్జులు, వామనులు పరిచారకులుగా కానవత్తురు. అయితే ఆ పదవిని దాటిపోయినవారును లేకపోలేదు. 1695లో జన్మించిన ఫ్రాన్స్వా ద క్యువిలియే బవేరియా ప్రభువగు మాక్స్ ఎమాన్యుయేల్ కొలువున మరుగుజ్జుగా ప్రవేశించెను. ప్రభువు ఆతని ప్రజ్ఞను గుర్తించి, వాస్తువిద్య నేర్చుటకు పారిస్ నగరమునకు పంపెను. ఆతడు ఆస్థానవాస్తుశిల్పియై 1734–39 నడుమ నింఫెన్‌బుర్గు తోటలో అమాలియెన్‌బుర్గు సౌధమును, అటుపిమ్మట మ్యూనిక్ రాజప్రాసాదమున 1753లో ప్రారంభమైన నాటకశాలను నిర్మించెను. శరీరమును చూచి ఇచ్చిన పదవికిని, విద్యచే సంపాదించిన పదవికిని గల భేదమును క్యువిలియే జీవితము చరిత్రలోను, యాకోబు వృత్తాంతము కథలోను నిరూపించుచున్నవి.

అయితే యాకోబు తుదకు ఒక మూలికను వాసన చూచి పూర్వరూపమును పొందును. ఇచ్చట వైకల్యము ఎగతాళికి శిక్షగా వచ్చి, శిక్ష తీరగానే తొలగిపోవుచున్నది. ఈ విషయమున ఏ మార్పును లేని ముక్ కథయే ధీరమైనదని చెప్పవచ్చును.

ఇదే వార్షికమున విల్‌హెల్మ్ గ్రిమ్ రచించిన హిమశ్వేత–గులాబీ అను అక్కచెల్లెండ్ర కథ మొదటిసారి ప్రకటింపబడినది. అందలి మరుగుజ్జు తన్ను మూడుసార్లు కాపాడిన బాలికలనే తిట్టిపోసిన కృతఘ్నుడు. తుదకు ఎలుగుబంటి దెబ్బకు చచ్చును. ఒకే పుస్తకమున ఇరువురు రచయితల మరుగుజ్జులు ప్రక్కప్రక్కన నిలిచిరి. ఒకడు చచ్చినప్పుడు పాఠకుడు సంతోషించును. రెండవవానిని తల్లి గుర్తింపనప్పుడు పాఠకుడు దుఃఖించును. 1828వ సంవత్సరపు వార్షికములోని చల్లని హృదయము అను కథలో హౌఫ్ జానపదుల మరుగుజ్జునుకూడ గ్రహించెను. నల్లయడవిలోని గాజుమనిషి పొట్టివాడు, మేలు చేయువాడు. మానవుల హృదయములను కొని రాతిగుండెల నమర్చు మిఖెల్ మహాకాయుడు.

హౌఫ్ సానుభూతికి హద్దులు లేకపోలేదు. యాకోబు కథయున్న వార్షికముననే అబ్నెర్ అను యూదుని పరిహసించు కథయు కలదు. 1827లో వెలువడిన యూదు స్యూస్ అను నవలికలో ఉరితీయబడిన యూదు ఆర్థికమంత్రి యెడ జాలి కనిపించినను, యూదులనుగూర్చి నాడు వాడుకలోనున్న దురభిప్రాయములును కనిపించును. దేహమును చూచి నవ్వుట తప్పని బోధించిన రచయితకు జాతిని చూచి నవ్వుట తప్పుగా తోచలేదు.

1826లో లిఖ్టెన్‌స్టైన్ అను చారిత్రక నవల ఆతనికి గొప్ప పేరు తెచ్చెను. ఆ యేటనే ఫ్రాన్సు, బెల్జియము, ఉత్తర జర్మనీ ప్రాంతములందు పర్యటించెను. 1827 జనవరిలో కోట్టా ప్రచురణసంస్థవారి ప్రాతఃపత్రికకు సంపాదకుడాయెను. ఫిబ్రవరిలో దాయాదియగు లూయీజెను వివాహమాడెను. నవంబరు 10న కూతురు పుట్టినది. ఎనిమిది దినముల తరువాత, నవంబరు 18న, ఆతడు విషజ్వరముచే స్టుట్‌గార్టులో మరణించెను. హోప్పెన్‌లౌ శ్మశానవాటికలో ఆతని సమాధి కలదు.

నవల ప్రేరణముచే 1840–42 నడుమ లిఖ్టెన్‌స్టైన్ కోట క్రొత్తగా కట్టబడినది. స్వాబియా కొండలలో దానికి సమీపముననే గ్రాఫెనెక్ అను మఱియొక కోట కలదు. 1933 జూలై 14 నాటి చట్టము వంశపారంపర్యమని తలచిన వ్యాధులు గలవారిని, తీవ్రమైన అంగవైకల్యము గలవారినికూడ బలవంతముగా సంతానహీనులను చేయుటకు అధికారమిచ్చెను. 1940లో గ్రాఫెనెక్ కోటయందు 10,600 మందికి పైగా విషవాయువుచే చంపబడిరి. వారిలో అధికులు మానసిక రోగులు, బుద్ధిమాంద్యము గలవారు. చిన్న ముక్ కథను మూడు తరములుగా పిల్లలకు చదివి వినిపించిన దేశముననే ఇది జరిగినది. కథ యొక్కటే సమాజమును కాపాడజాలదనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కఱలేదు.

యుద్ధానంతరము 1953లో తూర్పు జర్మనీయందు వోల్ఫ్‌గాంగ్ స్టౌటె ఆ కథనే చలనచిత్రముగా తీసెను. హౌఫ్ కథలలోని మరుగుజ్జులు నేటికిని జర్మను పిల్లలకు పరిచితులే. ముక్ వెంటబడి నవ్విన పిల్లలలో ఒకనిచేతనే వాని కథను చెప్పించుటలో, పాఠకుడు తన స్థానమును తానే గుర్తెఱుగవలెనను రచయిత ఆశయము స్పష్టము.