లూయీ జోర్డాన్: ఆర్ అండ్ బీకి నడక నేర్పిన గాయకుడు

ఢిల్లీలోని ధౌలా కువాన్‌లో శ్రీ వేంకటేశ్వర కళాశాలలో చదివే తెలుగు విద్యార్థికైనా, హైదరాబాదులో ఉద్యోగం చేసే యువతికైనా నేడు ఆర్ అండ్ బీ అన్న మాట కొత్త కాదు. రిథమ్ అండ్ బ్లూస్ అనే ఆ పేరును అమెరికా సంగీత వాణిజ్య పత్రిక బిల్‌బోర్డ్ 1949 జూన్‌లో చేపట్టింది. అంతకుముందు నల్లజాతివారి పాటలను జాతి రికార్డులు అంటూ వేరే పట్టికలో చూపేది. పేరు మారేనాటికే ఆ పట్టికను కొన్నేళ్లుగా ఏలుతున్నవారు లూయీ జోర్డాన్.

ఆయన 1908 జులై 8న ఆర్కన్సా రాష్ట్రంలోని బ్రింక్లీలో జన్మించారు. తండ్రి బ్యాండు మేళానికి నాయకుడు, సంగీత గురువు. మన సురభి సమాజంలా ఊరూరా తిరిగే రాబిట్ ఫుట్ మిన్‌స్ట్రెల్స్ నాటక బృందంలోనూ పనిచేశారు. జనాన్ని నవ్విస్తూ పాడడం కుమారునికి అక్కడే అబ్బింది. 1936లో న్యూయార్క్‌లో చిక్ వెబ్ బృందంలో శాక్సఫోన్ వాద్యకారుడిగా చేరిన జోర్డాన్, రెండేళ్లకు అక్కడినుంచి తొలగింపునకు గురై సొంత బృందం పెట్టుకొన్నారు. దాని పేరు టింపనీ ఫైవ్. సభ్యులు మాత్రం తరచూ అయిదుగురికి మించే ఉండేవారు.

ఆ చిన్న బృందమే చరిత్రను మలుపు తిప్పింది. యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చింది, ఆటపాటలుండే హోటళ్లపై 1944లో భారీ పన్ను పడింది. పదిహేను మందికి పైగా ఉండే బృందాలను పోషించడం యజమానులకు భారమైంది. జోర్డాన్ కొద్దిమందితోనే అంత సందడినీ సృష్టించారు. ఒక్కొక్క తాళపు దెబ్బను మూడు భాగాలు చేసి, మొదటి రెండింటినీ కలిపి పలికించే షఫుల్ నడక ఆయన బలం. అది మన తిశ్రగతికి దగ్గరి చుట్టం. బుర్రకథలో వంతల్లా సభ్యులు పల్లవి అందుకొనేవారు. 1949 నాటి శాటర్డే నైట్ ఫిష్ ఫ్రై అయితే పాట రూపంలోని హాస్యకథే. ఒక ఇంటి విందు, దానిపై పోలీసుల దాడి. కథ రికార్డు రెండు వైపులా సాగింది.

1946లో చూ చూ చ్ బూగీ 18 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. మొత్తం 18 పాటలు ఆ స్థానాన్ని అందుకొన్నాయి. ధనం విషయంలో ఆయన అంత అదృష్టవంతులు కారు. ప్రచురణ ఒప్పందం నుంచి తప్పించుకొనేందుకు 1945 నాటి కాల్డోనియా పాటకు రచయితగా భార్య ఫ్లీసీ మూర్ పేరు రాయించారు. 1947లో ఆమె ఆయనను కత్తితో పొడిచారు. దాంపత్యం ముగిసింది, పాట రాబడి మాత్రం ఆమెకే మిగిలింది.

1954లో జోర్డాన్ డెక్కా సంస్థను వీడారు. ఆయన రికార్డులను తీర్చిదిద్దిన మిల్ట్ గేబ్లర్ అదే ఏడాది, అదే సంస్థలో, తెల్లజాతి గాయకుడు బిల్ హేలీతో రాక్ అరౌండ్ ద క్లాక్ రికార్డు చేయించారు. నడక చాలావరకు జోర్డాన్‌దే, కీర్తి మాత్రం రాక్ అండ్ రోల్ అన్న కొత్త పేరుకు దక్కింది. ఆయన బృందంలోని కార్ల్ హోగన్ 1946లో వాయించిన గిటారు ఆరంభాన్ని చక్ బెర్రీ 1958లో జానీ బి. గూడ్‌కు వాడుకొన్నారు.

జోర్డాన్ 1975 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు స్థానం లభించింది 1987లో.