మేఘనాథ్ సాహా సోవియట్ యాత్ర

నక్షత్రాల కాంతిని బట్టి వాటి ఉష్ణోగ్రతను నిర్ణయించే మార్గాన్ని 1920లో లోకానికి అందించిన భౌతికశాస్త్రవేత్త మేఘనాథ్ సాహా. ఢాకా సమీప గ్రామంలో 1893లో పేద చిల్లర వర్తకుని ఇంట జన్మించిన ఆయన, స్వయంకృషితో కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యపదవిని అధిష్ఠించారు.

వంగదేశం క్షామంతో అలమటించిన రెండేళ్లకు, 1945 జూన్‌లో, సోవియట్ విజ్ఞాన అకాడమీ 220వ వార్షికోత్సవ సభలలో ఆయన పాల్గొన్నారు. యుద్ధంలో అపారంగా నష్టపోయిన ఆ దేశం, విజయం సాధించిన మరుసటి నెలలోనే శాస్త్రవేత్తలను ఆహ్వానించి గౌరవించింది. విజ్ఞానానికి ప్రణాళిక తోడైతేనే పేదరికం తొలగుతుందన్న సాహా విశ్వాసం అక్కడ మరింత దృఢపడింది.

తన యాత్రానుభవాలను ఆయన గ్రంథస్థం చేశారు. 1952లో లోక్‌సభలో ప్రవేశించి ఆ ఆశయం కొరకే వాదించారు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘ కార్యాలయానికి వెళ్తూ మార్గమధ్యంలో కుప్పకూలి కన్నుమూశారు.