బస్టర్ కీటన్
బస్టర్ కీటన్ (అక్టోబరు 4, 1895 - ఫిబ్రవరి 1, 1966) అమెరికాకు చెందిన మూకీ చిత్రాల హాస్యనటుడు, దర్శకుడు. సాహసకృత్యాలనే హాస్యంగా మలచిన తొలితరం సినీ కళాకారులలో ఇతడు ముఖ్యుడు.

ఇతడు కాన్సాస్ రాష్ట్రంలోని పిక్వాలో జన్మించాడు. తల్లిదండ్రులు రంగస్థల కళాకారులు. వారి ప్రదర్శనలలో తండ్రి ఇతడిని వేదికపై విసిరివేసి ప్రేక్షకులను నవ్వించేవాడు. దెబ్బ తగలకుండా పడే నేర్పు, తాను నవ్వకుండా నవ్వించే పద్ధతి ఇతడికి అక్కడే అబ్బాయి.

1917లో సినీరంగ ప్రవేశం చేసిన కీటన్, 1920 నుండి స్వంత చిత్రాలు తీసాడు. ప్రమాదకరమైన విన్యాసాలను చాలావరకు తానే చేసేవాడు. షెర్లాక్ జూనియర్ (1924) చిత్రీకరణలో నీటి ధాటికి రైలు పట్టాలపై పడగా మెడ ఎముక విరిగింది. ఆ సంగతి కొన్నేళ్ళ తరువాత గాని తెలియలేదు. ది జనరల్ (1926) కోసం నిజమైన రైలింజనును మండుతున్న వంతెనపై నుండి నదిలో కూల్చాడు. భారీ వ్యయంతో తీసిన ఈ చిత్రం ఆశించినంత ఆదరణ పొందలేదు. స్టీమ్‌బోట్ బిల్ జూనియర్ (1928)లో ఇంటి ముందుగోడ మీద పడుతుండగా, కిటికీ ఖాళీ సరిగ్గా తనపైకి వచ్చేలా కదలక నిలబడ్డాడు.

1928లో ఎం.జి.ఎం. సంస్థలో చేరాక చిత్రనిర్మాణంలో స్వేచ్ఛను కోల్పోయాడు. మద్యపానానికి బానిసై కొంతకాలం మరుగునపడ్డాడు. 1960లో గౌరవ ఆస్కార్ పురస్కారం అందుకున్నాడు. హాంకాంగ్ నటుడు జాకీ చాన్ ప్రాజెక్ట్ ఎ పార్ట్ 2 (1987)లో ఆ గోడ దృశ్యాన్ని అనుసరించాడు.