కణవృద్ధి రహస్యము – యల్లాప్రగడ సుబ్బారావుగారు

మూత్రాశయమును లోపల కప్పియున్న పలుచని పొరలోని కణములు సామాన్యముగ మిక్కిలి మెల్లగ విభజన చెందును. పొరకు గాయమైనచో, వృద్ధికారకములను ప్రోటీనులు కణముపైనున్న గ్రాహకముల నంటి, పెరుగుమని లోనికి కబురు పంపును. గాయము మానిన పిమ్మట ఆ పెరుగుదల నిలువవలెను. నిలువక విచ్చలవిడిగ సాగినచో అదియే క్యాన్సరు. అయితే కబురు అందినంత మాత్రమున కణము రెండు కాజాలదు. అది తన డి.ఎన్.ఏ.కు నకలు చేసికొనవలెను. అందులకు ఫోలిక్ ఆమ్లము కావలెను. ఈ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసి, దాని రూపమును మార్చి కణవృద్ధిని అరికట్టిన బృందమునకు నాయకులు మన తెలుగువారే.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్.కు మారుగ ఎల్.ఎం.ఎస్. పట్టముతో వెలుపలికి వచ్చిరి. సోదరులిరువురు స్ప్రూ అను సంగ్రహణి వ్యాధికి కొద్దిదినముల తేడాలో బలియైరి. ఇంట వైద్యవిద్య యున్నను, ఆ వ్యాధికి మందు లేకపోయెను.

1922లో వారు బోస్టను చేరిరి. హార్వర్డులో ఫిస్కేగారితో కలిసి, 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. పిదప కండరముల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను వెలికితీసిరి. అయినను అచట స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్‌లోని లెడర్లీ సంస్థలో చేరిరి.

అచట వారి బృందము, ఒకజాతి సూక్ష్మజీవుల పెరుగుదలకు అత్యవసరమైన పదార్థమును వెదకి, 1945లో ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించెను. సోదరుల నపహరించిన స్ప్రూకు అదియే ఔషధమైనది. ఇరువదేండ్లకు పైగా ఆలస్యముగనైనను సుబ్బారావుగారి తపన ఫలించెను.

ఆ ఆమ్లము నిర్మాణమున స్వల్పమైన మార్పుచేసి, ఆ బృందమే అమినోప్టెరిన్‌ను సృష్టించెను. ఫోలిక్ ఆమ్లమును ఉపయోగమునకు తెచ్చు ఎంజైమును ఇది పట్టి విడువదు. అందుచే డి.ఎన్.ఏ. తయారు కాదు, కణవిభజన ఆగును. బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు దీనిని రక్తక్యాన్సరు సోకిన 16 మంది పిల్లల కీయగా, 10 మందికి తాత్కాలికముగ ఉపశమనము కలిగెను. ఈ ఫలితములు 1948 జూనులో వెలువడినవి. ఆ ఆగస్టుననే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయసున నిద్రలోనే కన్నుమూసిరి. స్వదేశమును మరల చూడనేలేదు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మీతోట్రెక్సేటు, 1985లో న్యూయార్కు వైద్యులు మూత్రాశయపు లోపొర క్యాన్సరునకై ప్రకటించిన నాలుగు మందుల కూర్పులో చేరెను. అయితే అది మంచిచెడ్డలు చూడదు; వేగముగ విభజించు కణముల నెల్ల దెబ్బతీయును. 2019లో అమెరికాలో అనుమతి పొందిన ఎర్డాఫిటినిబ్ మరియొక త్రోవ త్రొక్కినది. అది వృద్ధికారకపు గ్రాహకమునుండి లోనికి పోవు కబురునే ఆపును. కబురును ఆపుట నేటి మార్గము; కణమునకు సరకు అందకుండ చేయుట సుబ్బారావుగారు తెరచిన మార్గము. రెండుమారులు పరీక్ష తప్పిన విద్యార్థి తెరచిన త్రోవ యిది. తరగతిలో వెనుకబడిన బాలుని చూచునపుడు ఉపాధ్యాయులు దీనిని స్మరింతురుగాక.