అరబ్బు గుర్రాల శజరా కాపాడిన లేడీ ఆన్ బ్లంట్

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు గుర్రం అంటే చాలామందికి బరాత్‌లో పెళ్లికొడుకు ఎక్కే గుర్రమే గుర్తొస్తుంది. ఒలింపిక్స్‌లో కర్రల అడ్డాలు దూకే గుర్రాల ఒంట్లో కూడా అరబ్బు రక్తం ఉంది. ఆ రక్తం కల్తీ కాకుండా చూడటానికే సగం జీవితం పెట్టింది ఒక ఇంగ్లీషు ఆవిడ, లేడీ ఆన్ బ్లంట్.

1837లో పుట్టింది. కవి బైరన్ మనవరాలు, గణితంలో పేరున్న ఏడా లవ్‌లేస్ కూతురు. 1869లో విల్ఫ్రిడ్ బ్లంట్‌తో పెళ్లయింది. ఇంగ్లండ్‌లో అప్పటికే థరోబ్రెడ్ పందెపు గుర్రాలదే రాజ్యం. నిజానికి వాటి మూలం కూడా తూర్పుదే. 1704లో అలెప్పో నుంచి తీసుకెళ్లిన డార్లీ అరేబియన్‌కే ఈనాటి థరోబ్రెడ్లలో చాలా భాగం మగ వరసలో చేరతాయి.

1877 చివర్లో ఈ దంపతులు అదే అలెప్పో వెళ్లారు. 1879లో నఫూద్ ఎడారి దాటి హాయిల్ చేరారు. ఆన్ అరబీ నేర్చుకుంది. గుర్రం అందంగా ఉందని కొనేసే రకం కాదు. దాని తల్లి ఎవరు, ఆ తల్లికి తల్లి ఎవరు, ఏ తెగ దగ్గర పుట్టింది, అన్నీ అడిగి రాసుకునేది. బదూలు గుర్రాల నస్ల్‌ని తల్లి వైపు నుంచే లెక్కపెడతారు మరి. అలా కొన్నవాటితో 1878లో ససెక్స్‌లో క్రాబెట్ స్టడ్ మొదలైంది.

1883-84లో ఇద్దరూ ఇండియా వచ్చారు, హైదరాబాద్‌లో ఉన్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అధికారం చేపట్టిన రోజులవి. దక్కన్‌లో ముస్లిం యూనివర్సిటీ పెట్టాలని విల్ఫ్రిడ్ తిరిగాడు, అది ముందుకు సాగలేదు.

అసలు పని ఈజిప్టులో జరిగింది. అబ్బాస్ పాషా కూడబెట్టిన మేలుజాతి మందలో మిగిలింది అలీ పాషా షరీఫ్ చేతికొచ్చింది. అప్పులపాలై ఆయన అమ్ముకుంటుంటే, ఆన్ ఏరి కొన్నది. లేకపోతే ఆ మంద చెల్లాచెదురయ్యేది.

జంపింగ్ గుర్రాలు పుట్టించేవాళ్లకి ఇదెందుకంటే, యూరప్ పొలం గుర్రాల్లో ఎముక బలం, నెమ్మది ఉంటాయి కానీ వేగం తక్కువ. థరోబ్రెడ్ మగ గుర్రంతో దాటిస్తే తేలిక, దమ్ము, తెగువ వస్తాయి. పాలు మించితే మాత్రం పిల్ల బెదురుబోతు అవుతుంది. అరబ్బు రక్తం ఓర్పునిస్తుంది, ఎత్తు తగ్గించొచ్చు. అందుకే ఎదురుగా ఉన్న ఆడ గుర్రంలో ఏది లోటో చూసి మగదాన్ని ఎంచాలి. 1937లో పోలండ్‌లో పుట్టిన రామ్‌జెస్‌కి తండ్రి థరోబ్రెడ్, తల్లి అరబ్బు మూలాల షాగ్యా వరస. అది క్రాబెట్ గుర్రం కాదు, కానీ లెక్క అదే. యుద్ధం తర్వాత జర్మనీలో వార్మ్‌బ్లడ్ ఆడ గుర్రాలకి దాని వల్ల పుట్టినవి జంపింగ్‌లో పేరు తెచ్చుకున్నాయి. మూలరక్తం శుద్ధంగా, పేర్లతో సహా ఎక్కడో ఒకచోట ఉంటేనే ఇలాంటి లెక్క కుదురుతుంది.

ఇంటి సంగతి వేరు. భర్త తీరు భరించలేక 1906లో విడిపోయింది, మందని పంచుకున్నారు. 1917 డిసెంబర్‌లో కైరోలో చనిపోయింది. గుర్రాల కోసం విల్ఫ్రిడ్, కూతురు జూడిత్ కోర్టుకెక్కారు. ఆన్ అలీ పాషా మందలోంచి కొన్న మెసూద్ అప్పటికే 1903లో రష్యాకి అమ్ముడుపోయింది. దాని సంతానం ఈనాడు ఎన్నో దేశాల్లో ఉంది.