కళ్ళద్దాల వేటగాడు

టెడ్డీ బేర్ తెలియనివాళ్ళు మన హాస్టల్లో ఉండరు. ఆ బొమ్మకి పేరిచ్చిన థియొడోర్ రూజ్‌వెల్ట్ గురించి అడిగితే మాత్రం, అమెరికా అధ్యక్షుడట, కొండమీద చెక్కిన నాలుగు ముఖాల్లో ఒకటట, అని ఆగిపోతాం. రాజకీయాల సంగతి అలా ఉంచండి. ఆయన వేటగాడు. ఎల్క్ అంటే ప్రాణం. ఎల్క్ అంటే మన నల్లమల కణితికి పెద్దన్నలాంటి జంతువు. మగది 300 కిలోలు దాటుతుంది. శరదృతువులో జతకోసం అది పెట్టే కేక సన్నని ఈలలా లోయంతా వినిపిస్తుంది.

1858లో న్యూయార్క్‌లో డబ్బున్న ఇంట్లో పుట్టాడు. కానీ ఉబ్బసం. రాత్రుళ్ళు ఊపిరాడక తండ్రి చేతుల్లో గడిపిన పిల్లవాడు. తండ్రి ఇంట్లోనే కసరత్తు సామాను పెట్టించాడు, ఒళ్ళు నువ్వే కట్టుకోవాలన్నాడు, కుర్రాడు పట్టు వదల్లేదు. పదమూడేళ్ళకి తుపాకి చేతికొచ్చింది. స్నేహితులంతా పిట్టల్ని కొడుతుంటే ఇతనికి అసలు పిట్టే కనబడదు! అప్పుడు తేలింది చూపు తక్కువని. కళ్ళద్దాలు వచ్చాకగానీ లోకం ఇంత అందంగా ఉంటుందని తెలియలేదు.

1883లో దున్నను వేటాడాలని డకోటా వెళ్ళాడు. రోజుల తరబడి వాన, బురద. తోడొచ్చిన వేటగాడికే విసుగొచ్చిందిగానీ ఇతనికి రాలేదు. చివరికి దున్న దొరికింది. దాంతోపాటు ఆ నేలమీద మోజు కూడా పుట్టి, 14,000 డాలర్లు పెట్టి పశువుల వ్యాపారంలో దిగాడు.

మరుసటి ఏడు ఫిబ్రవరి 14న, ఒకే ఇంట్లో, కొద్ది గంటల తేడాతో తల్లీ భార్యా చనిపోయారు. భార్య బిడ్డను కని అప్పటికి రెండు రోజులు. ఆ రోజు డైరీ పేజీలో పెద్ద ఇంటూ గుర్తు వేసి ఒక్క వాక్యం రాసుకున్నాడు. పసిబిడ్డను అక్కకి అప్పగించి మళ్ళీ డకోటా వెళ్ళిపోయాడు. బాధ్యత వదిలేసి పోయాడని అనేవాళ్ళున్నారు, నాకూ ఆ మాట కొట్టిపారేయాలనిపించదు. అప్పుడతనికి పాతికేళ్ళు.

లిటిల్ మిస్సోరీ ఒడ్డున రెండో రాంచ్ కట్టుకున్నచోట, కొమ్ములు చిక్కుపడి పోయిన రెండు మగ ఎల్కుల పుర్రెలు దొరికాయి. పోట్లాడుకుంటూ విడిపోలేక అలాగే చచ్చాయన్నమాట. అందుకే ఆ రాంచ్‌కి ఎల్క్‌హార్న్ అని పేరు పెట్టాడు. తమాషా ఏమిటంటే, ఆ నేల అతనిది కాదు. అక్కడి పశువుల కాపరులందరిలాగే అతనూ సొంతం కాని బయలు నేలమీదే మందల్ని మేపాడు.

ఆ వేసవి చివర బండి కట్టించుకుని, గుర్రాలమీద వయోమింగ్‌లోని బిగ్‌హార్న్ కొండలకి బయల్దేరాడు. వారాల తరబడి ప్రయాణం. అక్కడ ఎల్కులు దొరికాయి, భారీ గ్రిజ్లీ ఎలుగూ దొరికింది. దీనిమీద 1885లో పుస్తకం రాస్తే, జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ అనే పత్రికా సంపాదకుడు ఆ రచయితకి అనుభవం చాలదన్నట్టు సమీక్ష రాశాడు. రూజ్‌వెల్ట్ తిన్నగా ఆయన ఆఫీసుకే వెళ్ళాడు. పోట్లాటకి వెళ్ళినవాడు దోస్తీ చేసుకుని తిరిగొచ్చాడు. పడమటి అడవుల్లో జంతువులు ఎంత వేగంగా మాయమైపోతున్నాయో గ్రిన్నెల్ విడమరిచి చెప్పాడు. 1886-87 చలికాలం మంచుకి అతని మందల్లో సగానికి పైగా చచ్చాయి, వ్యాపారం మునిగింది. అదే 1887లో ఇద్దరూ కలిసి బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు. వేటగాళ్ళే జంతువుల్ని కాపాడాలన్నది దాని పట్టు.

1901లో మెకిన్లీ హత్యతో 42 ఏళ్ళకే అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడు మిసిసిపీలో ఎలుగువేట. హోల్ట్ కాలియర్ అనే నల్లజాతి వేటగాడు, ఒకప్పుడు బానిస, ఎలుగును చెట్టుకి కట్టేసి అధ్యక్షుణ్ణి పిలిపించాడు. కట్టేసినదాన్ని కాల్చనన్నాడు. కార్టూన్ వచ్చింది, బొమ్మ వచ్చింది. గాయపడిన ఎలుగు బాధ తీర్చమని వేరేవాళ్ళకి చెప్పాడన్న సంగతి మాత్రం బొమ్మల షాపుల్లో ఎవరూ చెప్పరు.

అసలు కథ 1907లో ఉంది. కలప, గనుల పెద్దల ఒత్తిడితో, ఆరు పడమటి రాష్ట్రాల్లో అధ్యక్షుడు ఇకపై కొత్త అడవుల్ని రిజర్వ్ చేయకూడదని సెనేట్‌లో ఒక సవరణ వచ్చింది. దాన్ని వ్యవసాయ బడ్జెట్‌కి తగిలించారు. బిల్లు ఆపితే అటవీశాఖకే డబ్బు ఉండదు. సంతకం పెట్టక తప్పదు, కానీ పెట్టేలోగా కొన్ని రోజుల గడువుంది కదా! అటవీశాఖాధిపతి గిఫర్డ్ పించోట్ మనుషులు రాత్రింబవళ్ళు మ్యాపులు గీశారు. ఇద్దరూ ఆ మ్యాపుల్ని నేలమీద పరుచుకుని గీతలు సరిచూశారు. 1 కోటి 60 లక్షల ఎకరాలు రిజర్వ్ అయ్యాక, మార్చి 4న తాపీగా బిల్లుమీద సంతకం పెట్టాడు. ఆ విస్తీర్ణం మన తెలంగాణలో సగానికి పైనే. సబ్మిషన్ ముందు రాత్రి ప్రాజెక్టు పూర్తిచేసే మనవాళ్ళకి ఇంతకంటే మంచి ఆదర్శం దొరకదు.

దిగిపోయేనాటికి అతను కాపాడిన నేల మొత్తం సుమారు 23 కోట్ల ఎకరాలు. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి మూడు రెట్లకు పైనే. పదవి ఇంకో రెండు రోజులుందనగా మౌంట్ ఒలింపస్‌ని జాతీయ స్మారకం చేశాడు. ముఖ్యంగా అక్కడి ఎల్కుల కోసమే. ఆ ఉపజాతికి 1897లోనే అతని పేరు పెట్టారు.

దీనివల్ల ఎవరికి లాభమంటే, జేబులో పెద్దగా డబ్బులేని వేటగాడికి. యూరప్‌లో తరతరాలు వేట రాజులది, జమీందార్లది. ఇక్కడ మాత్రం ఒక మెకానిక్కో స్కూలు టీచరో రాష్ట్రం ఇచ్చే లైసెన్సు, ఎల్క్ ట్యాగ్ తీసుకుని జాతీయ అడవిలోకి నడిచి వెళ్ళొచ్చు. గైడుని పెట్టుకుంటే వేల డాలర్లు. సొంతంగా వెళితే ట్యాగు, పెట్రోలు, గుడారం, తిండి, అంతే. చాలాచోట్ల ట్యాగుకి లాటరీ ఉంటుంది కాబట్టి నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. మ్యాపులో ప్రభుత్వ నేల ఎక్కడ ఆగి ప్రైవేటు కంచె మొదలవుతుందో చూసుకోవాలి, రోడ్డుకి ఎంతదూరంలో దిగాలో లెక్కేసుకోవాలి. ఎందుకంటే కాల్చడం చిన్న పని. ఎముకలు తీసేశాక కూడా ఒక మగ ఎల్క్‌కి వంద కిలోల దాకా మాంసం వస్తుంది. దాన్ని వీపుమీద మూటకట్టి, మాంసం పాడవకముందే కొండ దింపాలి. మూడు నాలుగు సార్లు తిరగాల్సిందే. బరువుకి బడ్జెట్‌లో మినహాయింపు లేదు మరి.

ఇంకోవైపు కూడా చూడాలి. ఆ అడవుల్లో చాలా భాగం ఆదివాసుల నుంచి లాక్కున్నదే, వాళ్ళ గురించి అతని మాటలు చదివితే చికాకేస్తుంది. 1909లో ఆఫ్రికా వెళ్ళి కొడుకుతో కలిసి 500కి పైగా జంతువుల్ని కాల్చాడు. మ్యూజియం కోసమన్నారు, నాకైతే అంత అవసరమనిపించలేదు. 1919 జనవరి 6న అరవయ్యేళ్ళకి నిద్రలోనే పోయాడు.

ఎల్క్‌హార్న్ రాంచ్ చుట్టూ ఎల్కులు చాలాకాలం క్రితమే అంతరించాయి. ఆ స్థలం ఇప్పుడు అతని పేరుమీదున్న జాతీయ పార్కులో భాగం. 1985లో ఆ పార్కులోకి మళ్ళీ ఎల్కుల్ని తెచ్చి వదిలారు. వాటిని తెచ్చింది విండ్ కేవ్ పార్కు నుంచి. 1903లో ఆ పార్కు చట్టంమీద సంతకం పెట్టింది ఈయనే.